రంగు సంగతి తర్వాత, గీకడానికి ఎన్ని రోజులు?

పోయిన డిసెంబర్లో కర్నూలు పాతబస్తీలో మా ఇంటికి రంగులేయించాం. గోడలతో పేచీ లేదు. పేచీ అంతా వరండా ముందూ, మిద్దె అంచునా వరసగా నిలబెట్టిన సిమెంటు గుంజలతోనే. అవేనండీ, నడుము సన్నగా పొట్ట లావుగా అచ్చులో పోసి, పైన అడ్డంగా దిమ్మె వేసి కట్టేవి. మా వైపు పాత ఇళ్ళల్లో చాలా చోట్ల కనిపిస్తాయి. మా ఇంట్లో మొత్తం 64.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నీళ్ళు ఊళ్ళోకొచ్చినప్పుడు కింద వరస మొత్తం మునిగింది. అప్పట్నుంచీ ఏ గుంజ పగిలినా మా నాయనది ఒకటే మాట.. "వరద నీళ్ళు తాగినాయి కదరా, ఇంక అవి అంతే". నేనూ అదే నమ్మేవాణ్ణి. ఈసారి ఎందుకో కాగితం తీసుకుని ఒక్కోటీ లెక్కేశా. కింద 36లో 6 పగిలాయి. మిద్దె మీద 28లో 5 పగిలాయి. వరద మిద్దె ఎక్కలేదు కదా, మరి పైవి ఎందుకు పగిలినట్టు?

పగుళ్ళన్నీ నడుము దగ్గరే, నిలువుగా, తుప్పు మరకతో. అక్కడ ఇనుప కమ్మీ మీద సిమెంటు అరంగుళం కూడా లేదు. కొత్త కాంక్రీటు పీహెచ్ 12 పైనే ఉంటుంది, ఆ క్షారమే కమ్మీకి తుప్పు పట్టకుండా కాపాడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడు ఏళ్ళ తరబడి ఇంకుతూ దాన్ని 9 కిందకి దించేస్తుంది. అది కమ్మీ దాకా చేరాక తేమ తగిలినప్పుడల్లా తుప్పే. తుప్పుకి అసలు ఇనుముకన్నా రెట్టింపు పైగా చోటు కావాలి, అందుకని సిమెంటు చీలుతుంది. వరద తన వంతు తేమ ఇచ్చి ఉండొచ్చు గానీ, తప్పు మాత్రం అచ్చు పోసిన రోజుదే. పదిహేనేళ్ళ పైగా మేము వేరే బగ్గుని తిట్టుకుంటూ కూర్చున్నామన్నమాట.

పెయింటరొచ్చి చూసి, "పుట్టీ పెట్టి రంగేస్తే ఏం కనపడదులే సార్, రెండ్రోజుల పని" అన్నాడు. ఏం కనపడదన్నది నిజమే. సమస్య కూడా అదే! పుట్టీ గోడని నున్నగా చెయ్యడానికి, తుప్పు పట్టిన పగులుని దాచడానికి కాదు.

కానీ ఆయన్ని తప్పు పట్టలేను. చదరపు అడుగు లెక్కన బేరమాడేది మనమే. గుంజకి రోలరు పనికిరాదు, చుట్టూ చేత్తో బ్రష్షు తిప్పాల్సిందే. గీకడానికి పట్టే టైముకి లెక్కే లేదు. ఎస్టిమేషన్లో టెస్టింగ్ రోజులు కోసేసి, తర్వాత ప్రొడక్షన్లో బగ్గొస్తే టెస్టర్ని తిట్టడం మనకి కొత్తా?

అందుకే బేరం మార్చాం. గీకుడూ మరమ్మతూ రోజుకూలి, రంగు గుంజకింత. గీకుడుకి అయిదు రోజులు పట్టింది, రంగుకి రెండు.

ముందు ప్రతి గుంజనీ పట్టుకుని ఊపి చూశాం. పగిలిన 11లో మూడు కదిలాయి. వాటిని పీకేసి కొత్తవి పోయించాం. కొత్త సిమెంటు 28 రోజులు ఆరాకే రంగు. మిగతా ఎనిమిదింటికి కమ్మీ బయటపడేదాకా కొట్టి, తీగ బ్రష్షుతో మెరిసేలా రుద్ది, తుప్పు పట్టని ప్రైమరేసి, లేటెక్సు కలిపిన ఇసుక సిమెంటుతో పూడ్చాం. పైవరసకి పాత సున్నం ఉంది. చెయ్యి పెట్టి రుద్దితే తెల్లపొడి అంటింది, దానిమీద ఎంత ఖరీదైన రంగేసినా పొట్టులా లేచిపోతుంది. గీకి, కడిగి, రెండ్రోజులు ఎండనిచ్చాం. బాత్రూం యాసిడ్డుతో కడుగుదామన్నారు, వద్దన్నా. అందులో క్లోరైడు ఉంటుంది, అది లోపలికి దిగితే కమ్మీకి ఇంకా చేటు.

కింద వరసకి ఎప్పటిదో ఎనామిల్ పెయింటు. మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎమ్ దాటకూడదన్న రూలు 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. అంతకు ముందు రంగుల్లో ఎంతుందో నమ్మకం లేదు. అందుకే నీళ్ళు చల్లుతూ తడిగా రుద్దించా, మాస్కు పెట్టుకోమన్నా. పెయింటరు మొదటిరోజు నవ్వాడు. మాస్కు ఖర్చు పెద్ద లెక్క కాదు, ఆ దుమ్ము పీల్చేది ఆయన ఊపిరితిత్తులు.

తర్వాత బయట గోడలకి వాడే ప్రైమరు ఒక కోటు, ఎక్రిలిక్ ఎమల్షన్ రెండు కోట్లు. మెరుస్తుందని సిమెంటుకి ఎనామిల్ వేస్తే, క్షారంతో కలిసి నూనె సబ్బులా మారి పొక్కులొస్తాయి. పొద్దున పడమటి వైపు, మధ్యాహ్నం తూర్పు వైపు వేశాం. ఎండకి కాలిన సిమెంటు మీద రంగు సరిగ్గా పట్టకముందే ఆరిపోతుంది. మే నెలలో కర్నూల్లో ఈ పని పెట్టుకోకపోవడమే మేలు.

ఖర్చు మొదట చెప్పినదానికి దాదాపు రెట్టింపయింది. "ఇంత డబ్బు గీకడానికా!" అని నాయన రెండ్రోజులు మాట్లాడలేదు. కానీ కదిలిన ఆ మూడింట్లో రెండు మిద్దె మీదవి. మా అక్క కూతురు సాయంత్రాలు వాటిని పట్టుకునే వీధిలోకి తొంగి చూస్తుంది. పుట్టీ పెట్టి రంగేసుంటే అవి కొత్తవాటిలాగే ఉండేవి, ఎవరికీ అనుమానం కూడా వచ్చేది కాదు. ఈ మాట చెప్పాక నాయన లేచెళ్ళి, మిద్దె మీద ఒక్కో గుంజనీ మళ్ళీ ఊపి చూసొచ్చాడు.

మనలో చాలామంది హైదరాబాదులోనో బెంగుళూరులోనో అమెరికాలోనో కూర్చుని "కానిచ్చెయ్యండి" అని డబ్బులు పంపేసేవాళ్ళమే. ఈసారి ఇంటికి రంగులంటే ఏ రంగు అని కాదు, "గీకడానికి ఎన్ని రోజులు?" అని అడగండి. "ఒక పూట చాలు" అంటే మాత్రం డబ్బులు పంపకండి, బస్సెక్కి వెళ్ళి ముందు ఆ గుంజల్ని ఊపి చూడండి.