గుడ్ల అట్టలకు చప్పుడు ఆగుతుందా?

మా మేనల్లుడు విజయవాడలో ఓ పాత డాబా ఇంట్లో కింది వాటా అద్దెకు తీసుకుని రికార్డింగ్ స్టూడియో పెట్టాడు. బోర్డు నలుగురికీ కనపడాలని వీధి గదే ఎంచుకున్నాడు. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు, వాటి మీద ఫోమ్. మా అక్కయ్య గాజులు బ్యాంకులో కుదువపెట్టి మరీ చేయించాడు. తొలిరోజే భక్తిపాట పల్లవి మధ్యలో ‘పాత పేపర్లు కొంటాం’ అంటూ బండి మైకు! అదీ పాటతోపాటు చక్కగా రికార్డయింది.

‘మామయ్యా, ఇంకో పొర ఫోమ్ కొట్టించనా?’ అని ఫోన్. వద్దురా బాబూ అన్నాను.

చాలామంది పొరబడేది ఇక్కడే. గదిలో పుట్టిన శబ్దం గోడకు తగిలి తిరిగి రాకుండా పీల్చుకోవడం ఒక పని. బయటి చప్పుడు లోపలికి రాకుండా ఆపడం వేరే పని. ఫోమ్ చేసేది మొదటిదే. రెండోదానికి బరువు కావాలి, గాలి చొరబడని బిగింపు కావాలి. గుడ్ల అట్టలు ఏదీ సరిగా చేయవు. పైగా నిప్పంటుకుంటే భగ్గుమంటాయి.

పాత ఇళ్లలో తొమ్మిదంగుళాల ఇటుక గోడలుండటం అదృష్టం. రెండువైపులా పూత ఉంటే దాదాపు 50 డెసిబెల్స్ తగ్గిస్తాయి. కొంప ముంచేవి తలుపులూ కిటికీలే. ఏడడుగుల తలుపు కింద ముప్పావు అంగుళానికి కాస్త పైగా సందు ఉందనుకోండి. అది తలుపులో 1 శాతం. మిగతాదంతా ఇనుప దిమ్మె అయినా సరే, తగ్గేది 20 డెసిబెల్సే! మావాడి తలుపు కింద నుంచి బల్లులు హాయిగా వచ్చిపోయేవి.

లండన్‌లో అబ్బే రోడ్ స్టూడియోని 1931లో తెరిచారు. పాత ఇల్లు రోడ్డు వైపు ఉండగా, పెద్ద రికార్డింగ్ హాళ్లను వెనక తోట స్థలంలో కట్టారు. మనవాడికి తోట లేదు కానీ వెనక సామాన్ల గది ఉంది. అందులోకి మారాడు. ఖాళీ చేసేటప్పుడు తీసేస్తానని ఇంటివాళ్లకు రాసిచ్చి కిటికీని ఇటుకలతో మూయించాడు. బరువైన తలుపు, చుట్టూ రబ్బరు పట్టీ, వైర్ల కంతలకు సీలెంట్. ఇంత బిగించాక ఊపిరాడాలి కదా! స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే చల్లబరుస్తుంది. అందుకని మలుపులు తిరిగిన డక్టు ఒకటి పెట్టించాడు. ఫోమ్ వృథా పోలేదు, లోపల గోడలకు పనికొచ్చింది.

ఇప్పుడు బండి మైకు వినపడటం లేదు. పైవాటా గ్రైండర్ మోత మాత్రం స్లాబులోంచి దిగుతోంది. దాన్ని ఆపాలంటే పాత గోడలకు, స్లాబుకు తగలకుండా గదిలో మరో గది కట్టాలి. అంత డబ్బు ఇప్పుడెక్కడిది? ముందు ఆ గ్రైండర్ కింద మందపాటి రబ్బరు షీటు వేయించమన్నాను. పైవాటా పిన్నిగారు సరేనన్నారట, షీటు డబ్బులు వీడే పెట్టుకుంటే.