దంతవైద్య ప్రవేశపరీక్ష - మన బిడ్డలు, మన బాధ్యత

ద్వితీయ పి.యు.సి. పరీక్షలు ముగిసిన దినములలో చాంపియన్ రీఫ్స్ వీధులలో ఇద్దరు పెద్దలు కలిసికొనిన వినవచ్చు ప్రశ్న ఒక్కటే: "మీ అమ్మాయి నీట్ ఎట్లు వ్రాసినది?" ఆ ప్రశ్న వెనుక ఎన్ని ఆశలు, ఎన్ని అప్పులు, ఎన్ని నిద్రలేని రాత్రులు కలవో మన పాఠకులకు మేము వివరింప నక్కరలేదు. 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడిన పిమ్మట మన కుటుంబములకు చదువు తప్ప వేరొక గని మిగులలేదు. అట్టి చదువులలో దంతవైద్యవిద్యను గూర్చి, దాని ప్రవేశపరీక్షకు మన పిల్లలు సిద్ధపడుచున్న తీరును గూర్చి ఈ వారము కొన్ని మాటలు చెప్పదలచితిమి. వీనిలో కొన్ని కొందరికి రుచింపకపోవచ్చును. అయినను చెప్పక తప్పదు.

మొట్టమొదటి మాట. మనలో పెక్కుమంది బి.డి.ఎస్. సీటును ఎం.బి.బి.ఎస్. రానివారికి మిగిలిన ఎంగిలి విస్తరివలె చూచుచున్నారు. "డాక్టరు కాలేకపోయినాడు, పండ్ల డాక్టరయినాడు" అను మాట బంధువుల పెండ్లిలో పదిమంది ఎదుట అనగా విని తలవంచుకొను యువకుల నెరుగుదుము. ఈ చిన్నచూపు తగదు. మన దేశమున దంతవైద్యవిద్యకు నూరేండ్ల చరిత్ర కలదు. 1920లో డాక్టరు రఫీయుద్దీన్ అహమ్మద్ గారు కలకత్తాలో మొదటి దంతవైద్య కళాశాలను నెలకొల్పిరి. 1948లో దంతవైద్యుల చట్టము వచ్చినది. 2023లో జాతీయ దంతవైద్య కమిషను చట్టమును పార్లమెంటు ఆమోదించినది. మన బి.ఇ.ఎం.ఎల్. నగరులోనే ఒక దంతవైద్య కళాశాల వెలసినది. నాలుగేండ్ల చదువు, పిదప ఒక యేడు ఆసుపత్రిలో శిక్షణ, ఇది సామాన్యమైన విద్య కాదు.

అదియుగాక, ఈ విద్య అవసరము మన జిల్లాకు ఎంత యున్నదో ఒక్కసారి ఆలోచింపుడు. కోలారు జిల్లా వర్షాభావపు నేల. ఏడాది పొడుగున పారు నదులు లేవు. చెరువులు ఎండిన కొలది బోరుబావులు లోతుకు పోయినవి. లోతుకు పోయిన కొలది రాతిపొరలలోని ఫ్లోరైడు నీటిలో కలియుట అధికమైనది. త్రాగునీటిలో లీటరునకు ఒక మిల్లీగ్రాము మించరాదనియు, వేరు గతి లేనిచో ఒకటిన్నర వరకు సహింపవచ్చుననియు మన దేశపు ప్రమాణము. అది మించిన నీరు చిన్ననాట త్రాగిన పిల్లల పండ్లు పసుపుబారి, గోధుమరంగు మచ్చలతో గారపట్టి యుండుట మన పల్లెలలో ఎవరైనను చూడవచ్చును. తెలుగువారికి ఈ వ్యాధి క్రొత్తది కాదు. భారతదేశమున దీనిని శాస్త్రరీత్యా మొదట వర్ణించినది 1937లో, ఆనాటి నెల్లూరు జిల్లా గ్రామములను పరిశీలించిన వైద్యులే. నల్లగొండ పేరు ఈ వ్యాధితో ఎట్లు ముడిపడినదో అందరికిని తెలిసినదే. ఇట్టి నేలమీద పుట్టిన బిడ్డ దంతవైద్యుడగుట తక్కువ పని యెట్లగును?

ఇక పరీక్ష సంగతి. వైద్యవిద్యకును దంతవైద్యవిద్యకును ద్వారము ఒక్కటే, నీట్. 2013లో మొదలై, ఆ యేడే న్యాయస్థానముచే కొట్టివేయబడి, 2016లో మరల నిలిచినది. 2025లో 180 ప్రశ్నలకు 180 నిమిషములు. భౌతికశాస్త్రము 45, రసాయనశాస్త్రము 45, జీవశాస్త్రము 90. సరియైన సమాధానమునకు నాలుగు మార్కులు, తప్పునకు ఒక మార్కు కోత, మొత్తము 720. ఆ యేడు 22 లక్షలకు పైగా విద్యార్థులు వ్రాసిరి, 12 లక్షలకు పైగా అర్హులైరి. అర్హత వేరు, సీటు వేరు అని దీనివలన తల్లిదండ్రులు గ్రహింపవలెను. "మా వాడు పాసయినాడు" అని మిఠాయి పంచిన పిమ్మట సీటు రాక కుమిలిన యిండ్లు కలవు.

మార్కులలో సగము, అనగా 360, జీవశాస్త్రమునకే. ఇది మన పిల్లలకు మేలైన విషయము. జీవశాస్త్రమునకు ఖరీదైన శిక్షణ అక్కరలేదు; ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకములు రెండు, ఓపిక, ప్రతిదిన పఠనము చాలును. జీవశాస్త్రమును ముప్పావుగంట నుండి యాబది నిమిషములలో ముగింపగల అభ్యాసము చేసినవారికి భౌతికశాస్త్రపు లెక్కలకు సమయము మిగులును. అట్లు చేయక మొదటి గంట లెక్కలతో పెనుగులాడి, తెలిసిన ప్రశ్నలను విడిచి వచ్చువారే ఎక్కువ.

ఇచ్చట ఒక హెచ్చరిక. అన్న చదివిన పుస్తకములు తమ్మునికి, అక్క చదివినవి చెల్లెలికి ఇచ్చుట మన యిండ్ల మంచి అలవాటు. కాని 2024 పరీక్షకై పాఠ్యక్రమమును 2023లో కుదించిరి. కొన్ని అధ్యాయములు పోయినవి. పోయినవానిలో జీర్ణక్రియ పాఠము ఒకటి. పండ్ల అమరిక, పాలపండ్లు, దంతసూత్రము పాత పుస్తకములలో ఉండినది ఆ పాఠమునందే! దంతవైద్యము చదువగోరు విద్యార్థి దంతముల పాఠము చదువకయే ప్రవేశింపవలసి వచ్చినది. నవ్వు వచ్చినను, పాత పుస్తకము పట్టుకొని ఆ పాఠమునకు వారము దినములు వెచ్చించిన విద్యార్థికి మాత్రము అది నవ్వులాట కాదు. కావున ప్రతి యేటి పాఠ్యక్రమమును ఆ యేడే చూచుకొనవలెను.

భాషను గూర్చి కొందరు మిత్రులు ఆవేశముతో మాట్లాడుచున్నారు. నీట్ ప్రశ్నపత్రము 13 భాషలలో లభించును. వానిలో తెలుగు ఒకటి. అయితే తెలుగు ప్రశ్నపత్రము ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల కేంద్రములలో మాత్రమే ఇత్తురు. కర్ణాటక కేంద్రములలో కన్నడము దొరకును, ఇంగ్లీషు అంతటను దొరకును. "ఇది అల్పసంఖ్యాకులకు అన్యాయము, మనము పోరాడవలెను" అని మిత్రుల వాదము. సూత్రరీత్యా వారి మాటలో సత్యము లేకపోలేదు. కాని మేము అడుగునది ఇది: మన పిల్లలలో భౌతికశాస్త్రమును తెలుగున చదివినవారెందరు? వారు చదివినది ఇంగ్లీషున, లేదా పదవ తరగతి దాక కన్నడమున. ఎన్నడును చదువని పారిభాషికపదములతో కూడిన ప్రశ్నపత్రమును సాధించి వారి చేతిలో పెట్టిన మేలు కలుగదు, కీడు కలుగును. అనువాదమున సందేహము వచ్చినచో ఇంగ్లీషు పాఠమే ప్రమాణమని నిబంధన కూడ కలదు. కన్నడ మాధ్యమమున చదివిన బిడ్డకు కన్నడ, ఇంగ్లీషులు రెండును గల ప్రశ్నపత్రమే ఉపకారి. దరఖాస్తునందు భాష ఎన్నుకొనునపుడు అభిమానము కాక ప్రయోజనమును చూడుడు.

మరి తెలుగునకు చోటెక్కడ? ఇంటిలో. అర్థము చెప్పు భాష తల్లిభాషయే. పాఠము ఇంగ్లీషున చదివి, దాని సారమును అమ్మకో నాన్నకో తెలుగున చెప్పగలిగిన బిడ్డకు పాఠము వచ్చినట్లు. చెప్పలేనిచో కంఠస్థము చేసినదే గాని గ్రహించినది కాదు. రేపు దంతవైద్యుడై కుర్చీ ప్రక్కన నిలిచినపుడు, ముసలమ్మ "కోరపన్ను సలుపుచున్నది నాయనా, చిగురు వాచినది" అనగా తెలిసికొనుటకు ఆ తెలుగే అక్కరకు వచ్చును.

ఇంకొక పెద్ద పొరపాటు మన పలువురి యిండ్లలో జరుగుచున్నది. పదవ తరగతి కాగానే పిల్లలను సరిహద్దు దాటించి ఆంధ్రదేశపు హాస్టలు కళాశాలలకు ఇంటర్మీడియేటునకు పంపుచున్నారు. "మన భాషవారే గదా, మన ఊరికి దగ్గరే గదా" అని వారి ధీమా. చట్టము బంధుత్వమును చూడదు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ననుసరించి అచ్చట స్థానికులనిపించుకొనుటకు చదువునుబట్టి చూచినచో, అర్హతపరీక్షకు ముందు వరుసగా నాలుగేండ్లు ఆ ప్రాంతమున చదివి యుండవలెను. రెండేండ్ల ఇంటర్మీడియేటు అందుకు చాలదు. ఇక కర్ణాటకమున సీటు కోరువారు ఈ రాష్ట్రమున ఎన్నేండ్లు చదివిరో ఇచ్చటి పరీక్షా ప్రాధికారము లెక్కించును. అక్కడ స్థానికుడు కాలేక, ఇక్కడ అర్హత సందేహములో పడి, రెంటికి చెడిన రేవడి యగు ప్రమాదము కలదు. పంపుటకు ముందు ఆ యేటి నియమావళిని చదువుడు. చదువుట రానిచో చదివినవారిని అడుగుడు. అడుగుటకు సిగ్గుపడకుడు.

అల్పసంఖ్యాక సీట్లను గూర్చియు స్పష్టత కావలెను. భాషాల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలను నెలకొల్పి నడపుకొను హక్కును రాజ్యాంగపు 30వ అధికరణము ఇచ్చుచున్నది. అల్పసంఖ్యాకు లెవరన్నది రాష్ట్రమును ప్రమాణముగా కొని నిర్ణయింపవలెనని సుప్రీముకోర్టు 2002లో టి.ఎం.ఎ. పై ఫౌండేషన్ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. ఆ విధముగా ఆంధ్రదేశమున అధికసంఖ్యాకులమైన మనము ఇచ్చట అల్పసంఖ్యాకులము. అయితే ఆ హక్కు నీట్‌ను తప్పించునని భ్రమింపరాదు. అల్పసంఖ్యాక సంస్థలకు కూడ నీట్ వర్తించునని అదే కోర్టు 2020 ఏప్రిల్‌లో తేల్చినది. హక్కు వరుసలో నిలుచు చోటును మార్చవచ్చును గాని, వరుసలో నిలువవలసిన పనిని తప్పింపదు. మరి మాతృభాష ధ్రువపత్రము, చదువు ధ్రువపత్రము మొదలగునవి కౌన్సెలింగు ప్రకటన వచ్చిన పిమ్మట పరుగులిడి తెచ్చుకొనునవి కావు. ముందే సిద్ధము చేసికొనవలెను.

ఇప్పుడు మిక్కిలి బాధాకరమైన విషయము. కోచింగు ఫీజుకై తల్లి మెడలోని నగ కుదువకు పోవుచున్నది. మొదటి యేడు రానిచో రెండవ యేడు, రెండవ యేడు రానిచో మూడవ యేడు. ఇంటివారి పట్టుదల పెరుగుచున్నది, బిడ్డ మాట తగ్గుచున్నది. మా అభిప్రాయము నిర్మొగమాటముగ చెప్పెదము. బిడ్డ మనస్ఫూర్తిగ కోరినచో రెండవసారి వ్రాయుట తగును. బిడ్డ కోరిక లేక ఒక్కసారియు తగదు. మూడవ యేటికి ముందు ఇంటిల్లిపాది కూర్చుండి, ఇతర విద్యలను గూర్చి మాటాడి తీరవలెను. పదునేడేండ్ల బిడ్డ మౌనమును అంగీకారమని ఎంచకుడు.

అట్లే దంతవైద్యమును పొగడి, దాని కష్టములను దాచుట మా ఉద్దేశము కాదు. పట్టణములలో దంతవైద్యశాలలు కిక్కిరిసి యున్నవి. ప్రభుత్వోద్యోగములు కొద్ది. స్వంతముగ వైద్యశాల పెట్టవలెనన్న కుర్చీ మొదలు పనిముట్ల వరకు పెట్టుబడి కావలెను. ప్రైవేటు కళాశాలలో సీటు పుచ్చుకొనుటకు ముందు ఐదేండ్ల వ్యయమును కాగితముపై వ్రాసికొనుడు. ఇది చేతిపని గల విద్య. మొదటి సంవత్సరముననే మైనపు ముద్దలో పన్ను చెక్కింతురు. ఓర్పు, చేతినేర్పు గల బిడ్డకు ఇది రాణించును. ఫిట్టర్లు, టర్నర్లు పుట్టిన మన యిండ్లలో ఆ నేర్పునకు కొదువ లేదు.

కడపట మన సంఘము చేయవలసిన పని. ఉపన్యాసములు చాలినన్ని అయినవి. మేము కోరునవి నాలుగు. ఒకటి, సంఘపు గదిలో ప్రతి సాయంకాలము దీపము, బల్ల, నిశ్శబ్దము గల పఠనశాల. ఒక్క గది యింటిలో టెలివిజను ప్రక్కన చదువు పిల్లలకు ఇది వరము. బెంగుళూరు ట్రెయినులో ఆడపిల్లలను పంపుటకు జంకు తల్లులకు ధైర్యము. రెండు, ఆ యేటి పాఠ్యక్రమమునకు సరిపోవు పుస్తకములు మూడు జతలు. మూడు, ప్రతి ఆదివారము మధ్యాహ్నము రెండు నుండి ఐదు గంటల వరకు, అసలు పరీక్ష జరుగు వేళకే, నమూనా పరీక్ష. నాలుగు, ధ్రువపత్రముల విషయమున తెలిసినవారు ఇద్దరు వారమునకొక సాయంకాలము కూర్చుండి సహాయము చేయుట.

వీనికి లక్షలు అక్కరలేదు. రిటైరైన ఉపాధ్యాయులు మనలో కలరు. బెంగుళూరులో కళాశాల విద్య ముగించి సెలవులకు వచ్చు యువకులు కలరు. ఒక్కొక్కరు వారమునకు రెండు గంటలు ఇచ్చిన చాలును. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ నాలుగింటిని తీర్మానముగ ప్రతిపాదింప నిశ్చయించితిమి. సభ్యులెల్లరు వచ్చి తమ అభిప్రాయములను తెలుపుదురు గాక. సమ్మతించువారు చందాతో పాటు తమ సాయంకాలములలో ఒకదానిని గూడ సంఘమునకు వ్రాసి ఇత్తురని ఆశించుచున్నాము.