దూదిపోగు పట్టించే జబ్బు

పొద్దున్నే మొహం కడుక్కుంటుంటే చన్నీళ్లు ఒక చెంపకే చల్లగా తగులుతాయి. రెండో చెంప మాత్రం పళ్ల డాక్టరు మత్తుసూది వేసినట్టు మొద్దుగా ఉంటుంది. రాత్రంతా ఆ పక్కకి ఒత్తిగిలి పడుకోవడం వల్లేనని చాలామంది సరిపెట్టుకుంటారు.

న్యూరాలజిస్టు అలా వదిలేయడు. కాస్త దూది తీసి పోగులా నులిమి, పక్కనుంచి తెచ్చి నల్లగుడ్డు అంచుకి తాకిస్తాడు. మామూలుగా అయితే తాకింది ఒక కన్నే అయినా రెండు రెప్పలూ టక్కున మూతపడాలి. తాకిన కబురు మోసుకెళ్లేది అయిదో కపాలనాడి, రెప్ప వాల్చమన్న ఆజ్ఞ తెచ్చేది ఏడోది. ఈ రెంటినీ కలిపేది మెదడు కాండం- మెదడుకీ వెన్నుపాముకీ మధ్య బొటనవేలంత లావున ఉండే కాడ. మొద్దుబారిన వైపు తాకిస్తే ఏ రెప్పా కదలక, అవతలి కంటిని తాకిస్తే రెండూ మూతపడ్డాయా, లోపం అయిదో నాడి దారిలో ఉన్నట్టు. ఎటు తాకించినా ఒకే రెప్ప మొరాయిస్తే తప్పు ఏడోదానిది. దమ్మిడీ ఖర్చులేని పరీక్ష!

ఇంకా లోతుగా తెలియాలంటే ల్యాబ్‌లో కనుబొమ దగ్గర చిన్న కరెంటు తాకిడి ఇస్తారు. సెకనులో దాదాపు వందోవంతులో అదే పక్క రెప్ప కండరం స్పందిస్తుంది. దీని దారి కాండం నడిమి భాగమైన పాన్స్‌లో ఉంటుంది. మరో క్షణానికి రెండు పక్కలా వచ్చే స్పందన కింద ఉండే మెడుల్లా దాకా దిగి వస్తుంది. మొదటిది సరిగ్గానే వచ్చి, రెండోది రాకపోతే అనుమానం మెడుల్లా మీదికి మళ్లుతుంది.

మెడుల్లా పక్కభాగానికి రక్తం అందకపోతే వచ్చే జబ్బును 1895లో జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ వాలెన్‌బర్గ్ వివరించాడు. ఇందులో మొహం ఒకవైపు, కాలూచెయ్యీ రెండోవైపు వేడీ నొప్పీ తెలియకుండా పోతాయి. తల తిరుగుతుంది, గుటక పడదు, వెక్కిళ్లు ఆగవు. చెయ్యి పడిపోదు కాబట్టి ఇంట్లోవాళ్లకి పక్షవాతమన్న ఊహే రాదు, గ్యాస్ అనుకుని సోడా తాగిస్తారు. సీటీ స్కాన్‌లో ఇది తరచూ కనపడదు, తొలిరోజు ఎమ్మారై కూడా ఒక్కోసారి పొరబడుతుంది. గడ్డ కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అందుకే ఆ దూదిపోగుకి అంత విలువ.

అలాగని ఇంట్లో ఎవరూ కంట్లో దూది పెట్టి చూడకూడదు, నల్లగుడ్డు గీరుకుపోతుంది. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లకి స్పర్శ ఎలాగూ కాస్త తక్కువే, ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి. స్పర్శ పోయిన కంట్లో నలక పడినా తెలియదు, చూస్తుండగానే పుండు పడుతుంది. అందుకే అలాంటివాళ్లకి డాక్టర్లు చుక్కలమందు రాసిస్తారు, బయటికెళ్తే కళ్లద్దాలు పెట్టుకోమంటారు.