మోడల్ పేపరు మార్కులు నోటీసు బోర్డు మీద వద్దు



ఇంజనీరింగు ప్రవేశ పరీక్ష దగ్గరపడే కొద్దీ మన ఎం.పి.సి. తరగతిలో ఎక్కడ విన్నా ఒకటే మాట, "నువ్వెన్ని పేపర్లు చేశావు?" అని. ఒకరు ఇరవై అంటే ఇంకొకరు ముప్పై అంటున్నారు. ఎన్ని తప్పులు పోయాయి, అవి ఎందుకు పోయాయి అని మాత్రం ఎవరూ అడగడం లేదు. నా అభిప్రాయం ఏమిటంటే, మోడల్ పేపరు రాసేది మార్కుల కోసం కాదు, తప్పులు పట్టుకోవడం కోసం. ఈ సంగతి మనం మరిచిపోవడానికి పెద్ద కారణం, పేపరు రాసిన మర్నాడే మార్కుల పట్టిక నోటీసు బోర్డు ఎక్కడం. ఆ అలవాటు మానుకుందామని ఈ గోడ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఎందుకో చెప్తాను. పూర్తిగా చదివి, అప్పుడు కాదంటే కాదనండి.

ముందు అసలు పరీక్ష సంగతి చూద్దాం. మన పెద్దలు ఎంసెట్ అని పిలిచిన పరీక్షే ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి ఈఏపీసెట్ అయింది. తెలంగాణలో 2024లో ఆ పేరు వచ్చింది. ఇంజనీరింగుకి 160 ప్రశ్నలు, 160 మార్కులు, మూడు గంటలు. లెక్కలు 80, ఫిజిక్సు 40, కెమిస్ట్రీ 40. అంటే ఒక్కో ప్రశ్నకి 67 సెకన్ల పైన కొంచెం. ప్రతి ప్రశ్నకీ నాలుగు జవాబులిస్తారు. తప్పు గుర్తు పెడితే మార్కు కోయరు.

ఇక్కడే ఉంది తిరకాసు. ఒక అబ్బాయికి 160లో 50 మాత్రమే నిజంగా తెలుసనుకోండి. మిగిలిన 110కి కళ్ళు మూసుకొని గుర్తులు పెట్టాడు. నాలుగింట ఒకటి చొప్పున సగటున 27 దాకా కలిసొస్తాయి. బోర్డు మీద అతనికి 77 పడుతుంది. ఒక అమ్మాయికి 60 తెలుసు. తెలియనివి తెలియనట్టే ఖాళీగా వదిలింది. ఆమెకి 60. చూసేవాళ్ళు ఏమంటారు? అబ్బాయి తెలివైనవాడు, అమ్మాయి వెనకబడింది అంటారు. నిజం దానికి తలకిందులు. అసలు పరీక్షలో ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు, అది వేరే విషయం. కానీ ప్రాక్టీసు కాగితం మీద తెలిసి పెట్టింది ఏది, గుడ్డిగా పెట్టింది ఏది అనేది మనకి తెలిసి తీరాలి. బోర్డు మీది అంకె ఆ తేడా చెప్పదు.

జేఈఈ మెయిన్ రాసేవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. అందులో 2025 నుంచి 75 ప్రశ్నలు, 300 మార్కులు. ఒప్పుకి 4 ఇస్తారు, తప్పుకి 1 కోస్తారు. పైగా ఒక్కో సబ్జెక్టులో 5 ప్రశ్నలకి జవాబులు ఇవ్వరు, అంకె మనమే కట్టి రాయాలి. గుడ్డి గుర్తులకి అలవాటు పడిన చెయ్యి అక్కడ ఏం చేస్తుంది?

మన ఊళ్ళ సంతల్లో చింతపండు, అడ్డాకులు, పసుపు అమ్మినప్పుడు తూకంలో ఏం జరుగుతుందో మనకి ఎవరూ చెప్పనక్కరలేదు. మన అమ్మలు, నాన్నలు కాటా మీద కన్ను వేసే నిలబడతారు. అక్కడ తప్పు తూకం వల్ల షావుకారికైనా లాభం ఉంటుంది. మోడల్ పేపరులో తూచేదీ మనమే, తూగేదీ మనమే. ఈ తూకం తప్పయితే ఎవరికి లాభం?

అయినా మనలో కొందరు 'కీ' చూసి పది, ఇరవై దిద్దుకుంటున్నారు. వాళ్ళని నేను తిట్టను. సోమవారం పొద్దున్నే తన పేరు పట్టికలో అడుగున కనబడుతుందంటే ఎవరికి భయం ఉండదు? ముఖ్యంగా కొత్తగా చేరినవాళ్ళకి, ఇంటరులోనే మొదటిసారి ఇంగ్లీషు పుస్తకం పట్టినవాళ్ళకి. పేపరు ఉన్నది మనకి ఏం రాదో చూపించడానికి. బోర్డు మాత్రం ఏం రాదో దాచిపెట్టమంటోంది. ఒకే పనికి రెండు ఎద్దులు చెరో వైపు లాగితే నాగలి సాగుతుందా?

పోటీ లేకపోతే పిల్లలు చదవరు అని కొందరు సార్లు అంటారు. ఆ మాటలో నిజం లేదని నేను అనను. కానీ మన పోటీ ఈ గదిలో ఉన్న నలభై మందితో కాదు. పక్క బెంచీ వాడికంటే మూడు మార్కులు ఎక్కువ వస్తే ర్యాంకు మారదు. పోయిన వారం నేను చేయలేని లెక్క ఈ వారం చేయగలిగితే మారుతుంది.

ఇంకొందరు మిత్రులు, "ఎస్టీలకి కనీస మార్కుల నిబంధన లేదు కదా, ర్యాంకు ఎలాగూ వస్తుంది, ఇంత తంటా ఎందుకు?" అంటున్నారు. ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ళు ఈఏపీసెట్‌లో అర్హత పొందాలంటే 160కి 40 రావాలి, మనకి ఆ షరతు లేని మాట నిజమే. రిజర్వేషను రాజ్యాంగం ఇచ్చిన హక్కు. దానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అయితే అది మనల్ని కాలేజీ గుమ్మం దాటిస్తుంది, ఆ పైన నడవాల్సింది మనమే. మొదటి సంవత్సరంలోనే లెక్కలు, ఫిజిక్సు మళ్ళీ ఎదురొస్తాయి. అక్కడ నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమనరు. సీటు వచ్చాక సబ్జెక్టులు మిగిలిపోయి, మధ్యలో సంచి సర్దుకొని ఊరికి వచ్చేస్తే అమ్మా నాన్నలకి ఏం చెప్తాం? ఈరోజు మోడల్ పేపరులో బయటపడని లోటు ఆరోజు బయటపడుతుంది. ఈరోజయితే దిద్దుకోవడానికి సార్లు పక్కనే ఉన్నారు.

మరి తప్పుని ఎలా పట్టుకోవాలి? నాకు తోచినంతలో తప్పులు నాలుగు రకాలు. పాఠమే రాకపోవడం ఒకటి. దానికి ఇంకో పేపరు చేస్తే లాభం లేదు, పాఠ్యపుస్తకం తీయాలి. పాఠం వచ్చి కూడా లెక్క తప్పడం రెండోది. కాస్ 120కి మైనస్ గుర్తు వదిలేయడం, గ్రాములని కిలోగ్రాముల్లోకి మార్చకపోవడం, ఇలాంటివి. టైము చాలకపోవడం మూడోది. ఒకే లెక్క మీద ఆరు నిమిషాలు కూర్చుంటే చివర అయిదు తేలిక ప్రశ్నలు చదవకుండానే పోతాయి.

నాలుగోది ప్రశ్న అర్థం కాకపోవడం. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మనలో ఇంట్లో కువి మాట్లాడేవాళ్ళున్నారు, సవర, కోయ, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్ళున్నారు. బడిలో తెలుగు నేర్చాం, ఇప్పుడు ఇంగ్లీషు. ఫిజిక్సు ప్రశ్నలో 'స్మూత్' అంటే నునుపు అని అందరికీ తెలుసు. ఘర్షణ లేదనుకొని లెక్క చెయ్యమని దాని అర్థం. 'లైట్ స్ట్రింగ్' అంటే దారం బరువు లెక్కలోకి తీసుకోవద్దని. ఇది తెలియనివాడికి ఫిజిక్సు రాదని మార్కుల పట్టిక చెప్తుంది. నిజానికి రానిది ఒక్క మాట. ఈఏపీసెట్ ప్రశ్నలు ఇంగ్లీషుతోపాటు తెలుగులోనూ ఇస్తారు, జేఈఈ మెయిన్ కూడా తెలుగులో రాయవచ్చు. అనుమానం వస్తే రెండు భాషల్లోనూ చదువుకునే అలవాటు ఇప్పటి నుంచే చేసుకోవాలి.

అందుచేత నా విన్నపాలు ఇవి.

1. వారానికి ఒక్క పేపరు చాలు. మూడు గంటలూ లేవకుండా రాయాలి. ముందు పాత సంవత్సరాల అసలు పేపర్లు, ఆ తర్వాతే గైడ్లలోని మోడల్ పేపర్లు.

2. గుడ్డిగా పెట్టిన ప్రతి జవాబు పక్కన చుక్క పెట్టాలి. ఒప్పయినా సరే, చుక్క ఉన్నది మన మార్కు కాదు.

3. 'కీ' సార్ల దగ్గరే ఉండాలి. తప్పిన ప్రశ్నల నంబర్లు మాత్రం ముందు చెప్పి, రెండు రోజులు మనల్నే ప్రయత్నించనివ్వాలి. జవాబు చూసి "ఓహో, ఇంతేనా" అనుకున్న లెక్క పరీక్షలో మళ్ళీ రాదు. మన చేత్తో చేసింది నిలుస్తుంది.

4. లైబ్రరీ పుస్తకాల్లో పెన్సిలుతో గుర్తులు పెట్టవద్దు. జవాబులు విడి కాగితం మీద రాయాలి. గుర్తులు పెట్టిన పుస్తకం తర్వాత వచ్చే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి పనికిరాదు. వాళ్ళ ఇళ్ళలో కొత్త గైడు కొనే స్తోమత ఎందరికి ఉంది?

5. పరీక్ష కంప్యూటరు మీద జరుగుతుంది. నెలకి ఒక్క పేపరయినా ల్యాబులో రాయించాలి. మౌసు పట్టడం పరీక్ష రోజున నేర్చుకోకూడదు.

6. నోటీసు బోర్డు మీద మార్కులకి బదులు "ఈ వారం ఎక్కువమందికి తప్పిన పది ప్రశ్నలు" పెట్టాలి. మార్కులు ఎవరివి వారికి సారు పిలిచి చెప్పవచ్చు. ఆ పది ప్రశ్నలే మర్నాడు తరగతిలో పాఠం అవుతాయి. ఒకరి తప్పు నలభై మందికి పాఠం అవుతుంది, ఎవరూ తల దించుకోనక్కరలేదు.

ఇందులో రూపాయి ఖర్చు లేదు. సార్లు పెద్దమనసుతో ఒక నెల చేసి చూడమని నా ప్రార్థన. బాగా లేకపోతే పాత పట్టిక మళ్ళీ అంటించుకోవచ్చు, బోర్డు ఎక్కడికీ పోదు.

ఈ కాగితం కింద జానెడు ఖాళీ వదిలాను. ఈ వారం పేపరులో మీకు తప్పిన ప్రశ్న నంబరు అక్కడ రాయండి. పేరు రాయనక్కరలేదు.

— ఒక విద్యార్థిని,
ఇంటరు రెండవ సంవత్సరం, ఎం.పి.సి.