నష్టపరిహారం ఇచ్చేవాళ్లు ఓటీపీ అడగరు

పైన వీడియోలో పడిపోయిన వరిని దుబ్బులుగా లేపి కట్టడం చూపించాను. వీడియోలో చెప్పలేకపోయిన మాట ఒకటి ఉంది, అది ఇక్కడ రాస్తున్నా.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకొచ్చిన వరి నీళ్లలో పడుకుంది. నాలుగో రోజు మా బాబాయికి ఫోను. "వ్యవసాయ శాఖ నుంచి మాట్లాడుతున్నాం. మీ పంట నష్టం డబ్బులు మంజూరయ్యాయి. వాట్సాప్‌లో యాప్ పంపిస్తున్నాం, ఎక్కించుకుని వివరాలు నింపండి. సాయంత్రంతో గడువు అయిపోతుంది" అన్నారు. నింపాడు. రాత్రికల్లా ఖాతాలోంచి 18 వేలు పోయాయి. కూలీలకి ఇవ్వాల్సిన డబ్బులవి.

ఈ సంగతి బాబాయి నాకు చెప్పింది సంక్రాంతికి! "ముందే ఎందుకు చెప్పలేదు?" అంటే, "చదువుకున్నోడివి, నవ్వుతావేమోనని రా" అన్నాడు. ఈలోగా అలాంటి ఫోనే మా ఊళ్లో ఇంకో ఇద్దరికి వచ్చింది. వాళ్లూ నింపారు.

నవ్వడానికి నాకేం అర్హత ఉంది? అగ్రికల్చర్ డిప్లొమా చదివిన నేను అదే వారంలో "మునిగిన పైరుని మూడు రోజుల్లో లేపే ప్రకృతి ద్రావణం" అని లీటరు 1,200 పెట్టి రెండు సీసాలు కొన్నాను. బిల్లు లేదు, బ్యాచ్ నంబరు లేదు, తయారీ తేదీ లేదు. సీసా మీద 'ప్రకృతి' అన్న మాట చూసి నమ్మేశా. పురుగుమందు డబ్బా అయితే వంద ప్రశ్నలు వేసేవాణ్ణి. మనవాళ్లే కదా అనుకునే చోటే మనం మోసపోతాం.

నిజానికి అప్పుడు చేయాల్సిన పనికి సీసా అక్కర్లేదు. ముందు నీళ్లు తీసేయాలి. పడిన దుబ్బుల్ని లేపి కట్టాలి. కంకి మీద గింజ మొలకెత్తకుండా 5 శాతం ఉప్పు ద్రావణం, అంటే 200 లీటర్ల నీటికి 10 కిలోల ఉప్పు, కంకులు తడిసేలా కొట్టాలి. ఇంతే.

ఇక పరిహారం ఎలా వస్తుందో తెలిస్తే ఫోనులో ఎవడేం చెప్పినా మోసపోం. మన ఆంధ్రాలో ముందు ఈ-క్రాప్‌లో పంట నమోదై ఉండాలి. తర్వాత వ్యవసాయ, రెవెన్యూ సిబ్బంది పొలానికొచ్చి నష్టం రాసుకుంటారు. 33 శాతం, ఆపైన దెబ్బతింటేనే లెక్క. జాబితా రైతు సేవా కేంద్రంలో పెడతారు, మన పేరు లేకపోతే అక్కడే అడగాలి. డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఇందులో ఎక్కడా ఫోను చేసి ఓటీపీ అడగడం లేదు, పిన్ అడగడం లేదు, "ప్రాసెసింగ్ ఫీజు" లేదు. తెలంగాణ రైతులు అనుమానం వస్తే మీ ఏఈఓ గారిని అడగండి.

పంటల బీమా ఉన్నవాళ్లు కోసి పొలంలో ఆరబెట్టిన పంట తుపానుకి తడిస్తే 72 గంటల్లోపు చెప్పాలి. దానికి 14447 ఉంది. ఆ నంబరుకి మనమే చేయాలి. గడువు తరుముతోందని ఎవరో మనకి చేస్తే నమ్మొద్దు.

డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయండి, బ్యాంకుకీ చెప్పండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బుని మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. బాబాయి నెల రోజుల తర్వాత చెప్పాడు. ఇంకేం ఆపుతాం?

నా అభిప్రాయం ఒక్కటే. మోసగాడికి మన అమాయకత్వం కంటే మన సిగ్గే ఎక్కువ పనికొస్తుంది. చేలో తెగులు కనపడితే పక్క రైతుని పిలిచి చూపిస్తాం, దాచుకోం. దీన్నీ అలాగే చూడాలి. మోసపోయినవాడు ఆ రోజే చెప్పాలి. విన్నవాడు "ఆమాత్రం తెలీదా?" అనకూడదు. ఆ మాటకి భయపడే బాబాయి నోరు మూసుకున్నాడు.

ఈ మధ్య ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. డబ్బు గురించి ఫోను వస్తే, "మా అబ్బాయిని అడిగి చెప్తా" అని పెట్టేయడం. మొన్న బాబాయి అలాగే అన్నాడట. అవతలివాడు మళ్లీ చేయలేదు.