కారవాన్‌లో కంటినిండా నిద్రకు పెద్ద ఏసీ అక్కర్లేదు

జులై 4 సెలవులొస్తే డాలస్, హ్యూస్టన్ ప్రాంతాల తెలుగు కుటుంబాలు రెండు మూడు కలిసి ఆర్‌వీ అద్దెకు తీసుకుని బయల్దేరడం ఇప్పుడు వింతేమీ కాదు. వంటగది, మంచాలు, బాత్‌రూమ్ అన్నీ ఉన్న బండి అది. మన సినిమా షూటింగుల దగ్గర కనిపించే కారవాన్ లాంటిదే. పగలంతా హుషారుగా గడిచిపోతుంది. చిక్కంతా పడుకోబోయేటప్పుడే. నడినెత్తిన ఉన్న ఏసీ దడదడలాడుతూ మొదలవుతుంది, కాసేపటికి ఆగుతుంది, కన్ను అంటుకునే వేళకు మళ్లీ దడదడ. ఆపితే ఉక్కపోత, వేస్తే మోత. తెల్లారేసరికి ఎర్రబడ్డ కళ్లతో అందరూ అనే మాట ఒకటే: ఈసారి ఇంతకంటే పెద్ద ఏసీ ఉన్న బండి చూసుకోవాలి.

ఆ లెక్క తప్పు. ఏసీ పెద్దదైతే మోతా పెరుగుతుంది, కరెంటూ ఎక్కువ కావాలి. పైగా అది గబగబా చల్లబరిచి ఆగిపోవడంతో గదిలో చెమ్మ అలాగే మిగిలిపోతుంది. నిద్ర పాడుచేసేవి వేరే ఉన్నాయి. పల్చటి గోడలు, బండిని ఎండలో నిలపడం, ఆగినచోట కరెంటు దొరకకపోవడం. ఈ మూడింటినీ వదిలేసి ఏసీని తిడితే ఏం లాభం?

ముందు ఆ యంత్రం సంగతి చూద్దాం. అమెరికా ఆర్‌వీల పైకప్పు మీద ఎక్కువగా ఉండేవి 13,500 లేదా 15,000 బీటీయూల ఏసీలు. 12,000 బీటీయూలంటే ఒక టన్ను కాబట్టి పెద్దదానిదైనా టన్నుంబావే. హైదరాబాద్‌లో టన్నున్నర స్ప్లిట్ ఏసీ కింద హాయిగా నిద్రపోయేవాళ్లకు దీని గోల వింతగా ఉంటుంది. ఇంట్లో కంప్రెసర్ గోడ అవతల ఉంటుంది. ఇక్కడ కంప్రెసర్, వేడిని బయటికి తోసే ఫ్యాన్, చల్లగాలిని లోపలికి ఊదే బ్లోయర్ అన్నీ ఒకే పెట్టెలో, మంచానికి నాలుగైదు అడుగుల ఎత్తున, 14 అంగుళాల చదరపు కంత మీద కూర్చుని ఉంటాయి. చాలా మోడళ్లలో ఒకే మోటారు అటు ఫ్యాన్‌నూ ఇటు బ్లోయర్‌నూ తిప్పుతుంది. పాతకాలపు కంప్రెసర్‌కు మధ్యేమార్గం తెలియదు. నడిస్తే పూర్తి వేగంతో నడుస్తుంది, లేకపోతే ఆగిపోతుంది. నిద్రలో ఉన్నవాళ్లను ఎక్కువగా లేపేది నిలకడగా వచ్చే శబ్దం కాదు, ఈ ఆగడం, మొదలవడమే.

దీనికి కొంత విరుగుడు పైసా ఖర్చు లేకుండానే ఉంది. ఏసీకీ పైకప్పుకూ మధ్య ఉండే రబ్బరు గ్యాస్కెట్ కాలం గడిచేకొద్దీ అణిగిపోతుంది, బోల్టులు వదులవుతాయి, అప్పుడు కప్పంతా అదురుతుంది. లోపలి కవరు తీసి బోల్టులను కంపెనీ చెప్పిన మేరకు బిగిస్తే సగం మోత అక్కడే తగ్గొచ్చు. చల్లగాలి గొట్టాల ద్వారా వెళ్లే బండ్లలో మరో జబ్బు ఉంటుంది. ఏసీ కింది పెట్టెలో చిన్న సందులుంటే చల్లగాలి గదిలోకి రాకుండానే తిరిగి యంత్రంలోకి పోతుంది. అల్యూమినియం రేకు టేపుతో ఆ సందులు మూసినవాళ్లు గాలి పెరిగిన తేడాను వెంటనే గమనిస్తారు. ఏసీ సరిగ్గా పనిచేస్తోందో లేదో తేల్చడానికి మామూలు థర్మామీటర్ చాలు. లోపలికి పీల్చే గాలికీ బయటికి వదిలే గాలికీ మధ్య 9 నుంచి 12 డిగ్రీల సెల్సియస్ తేడా ఉంటే యంత్రంలో లోపం లేనట్టే. అప్పటికీ గది చల్లబడడం లేదంటే వేడి ఎక్కడి నుంచో లోపలికి వస్తోందన్నమాట.

ఫ్యాన్ స్విచ్ విషయంలో మాత్రం ఊరిని బట్టి నడుచుకోవాలి. అరిజోనా లాంటి పొడి ప్రాంతంలో ఫ్యాన్‌ను ఆపకుండా తిరగనిస్తే శబ్దం ఒకే తీరున ఉండి చెవి దానికి అలవాటు పడుతుంది. గాల్వెస్టన్ లాంటి సముద్రతీరంలో అదే పని చేస్తే, కంప్రెసర్ ఆగినప్పుడు లోపలి చల్లటి కాయిల్ మీది నీరు మళ్లీ ఆవిరై గదిలోకే వస్తుంది. అక్కడ ఆటోలో ఉంచడమే మేలు. మోత తగ్గుతుందని ఫ్యాన్ వేగం బాగా తగ్గించి థర్మోస్టాట్‌ను 18 డిగ్రీలకు తిప్పితే కాయిల్ మీద మంచు కడుతుంది, అర్ధరాత్రికి గాలి రావడమే ఆగిపోతుంది. 25 డిగ్రీల దగ్గర పెట్టి పల్చటి దుప్పటి కప్పుకోవడమే తెలివైన పని.

అసలు పోరాటం రాత్రి పది గంటలకు మొదలుకాదు, మధ్యాహ్నం రెండింటికే మొదలవుతుంది. పొద్దంతా కాగిన బండిని పడుకునే ముందు ఒక్క గంటలో చల్లబరచడం టన్నుంబావు యంత్రం వల్ల కాదు. పెద్ద కిటికీలు పడమటి ఎండకు ఎదురుగా లేకుండా బండిని నిలపాలి, పక్కనుండే గుడ్డ పందిరి పరచాలి, అద్దాలకు వెండిరంగు రేకు అట్టలు అమర్చాలి, పైకప్పు వెంటిలేటర్ కంతల్లో దిండ్లు కుక్కాలి, ఏసీని మధ్యాహ్నం నుంచే నడపాలి. ఇలా చేసిన బండిలో రాత్రికి కంప్రెసర్ అలా తరచుగా మొదలవాల్సిన పని ఉండదు.

తప్పంతా వాడేవాళ్లదే కాదు. అమెరికా ఆర్‌వీల్లో అధికభాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల తయారవుతాయి. కొవిడ్ తర్వాత గిరాకీ పెరిగి 2021లో ఆ పరిశ్రమ 6 లక్షలకు పైగా బండ్లను మార్కెట్‌లోకి పంపింది. లోపల పెద్ద టీవీ, ఎలక్ట్రిక్ నెగడు, పాలరాయిని పోలిన గట్టు అన్నీ ఉంటాయి. గోడ మందం చూస్తే చాలా బండ్లలో రెండంగుళాలే. షోరూంలో కొనేవాళ్ల కంటికి టీవీ కనిపిస్తుంది గానీ గోడలోని ఇన్సులేషన్ కనిపించదు కదా! ఇళ్లలో ఎప్పుడో వచ్చిన ఇన్వర్టర్ కంప్రెసర్లు ఆర్‌వీల కప్పులకు ఇప్పుడిప్పుడే చేరుతున్నాయి. అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే ఈ కంప్రెసర్లే అన్ని బండ్లలోనూ ఉండాల్సినవి.

ఏసీ అవసరమే లేకుండా చేసే ఉపాయమూ ఒకటుంది. వేసవిలో అరిజోనాలోని ఫీనిక్స్ నగరం రాత్రుళ్లు కూడా సెగలు కక్కుతుంది. 2023లో వరసగా 31 రోజులు అక్కడ పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత 43 డిగ్రీలకు తగ్గలేదు. అక్కడి నుంచి రెండు మూడు గంటలు పైకి నడిపితే సుమారు 2,100 మీటర్ల ఎత్తున ఫ్లాగ్‌స్టాఫ్ వస్తుంది. జులైలోనూ రాత్రికి దుప్పటి కావాలి. మజిలీ ఎంచుకునేటప్పుడు మ్యాప్‌లో దూరంతో పాటు ఎత్తునూ చూసేవాళ్లకు సగం సమస్య ఉండదు.

ఇక కరెంటు. అమెరికా క్యాంపుల్లో ఆర్‌వీ నిలిపే స్థలం దగ్గర 120 వోల్టుల కరెంటిచ్చే పెట్టె ఉంటుంది. 30 ఆంపియర్ల కనెక్షన్ అయితే 3,600 వాట్లు వస్తాయి. నడుస్తున్న ఏసీ 1,300 నుంచి 1,500 వాట్లు తీసుకుంటుంది, మొదలయ్యే క్షణంలో దానికి రెండు మూడు రెట్లు లాగుతుంది. ఏసీ నడుస్తుండగా మైక్రోవేవ్, గీజర్ కూడా వేస్తే బ్రేకర్ పడిపోతుంది. మొదట్లో లాగే ఆ పోటును సాఫ్ట్ స్టార్టర్ అనే చిన్న పరికరం సగానికి పైగా తగ్గిస్తుంది. ఏసీ ఆన్ అయినప్పుడు వచ్చే కుదుపు కూడా దానితో మెత్తబడుతుంది. అదనంగా ఏదైనా కొనాలనుకునేవాళ్లు ముందు కొనాల్సింది అదే.

కనెక్షన్ లేనిచోట జనరేటరే దిక్కు. అక్కడే పక్క బండివాళ్లతో తగువులు మొదలవుతాయి. అమెరికా జాతీయ పార్కుల నిబంధనల ప్రకారం యంత్రాల మోత 50 అడుగుల దూరంలో 60 డెసిబెల్స్ దాటకూడదు, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఇతరులకు ఇబ్బంది కలిగించే శబ్దం చేయకూడదు. బ్యాటరీల మీద నడపాలన్నా లెక్క తేలికేం కాదు. ఎనిమిది గంటల రాత్రిలో కంప్రెసర్ సగం సేపే నడిచినా అయిదు యూనిట్లకు పైగా కావాలి. 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ ఇచ్చేది యూనిట్టుంబావు. అంటే కనీసం అయిదు బ్యాటరీలు ఉండాలి.

జనరేటర్‌తో మోత కంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. 2024 డిసెంబర్‌లో కేరళలోని వడకర దగ్గర రోడ్డు పక్కన నిలిపిన కారవాన్‌లో ఇద్దరు మనుషులు శవాలై కనిపించారు. ఏసీ కోసం నడిపిన జనరేటర్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరిందని దర్యాప్తులో తేలింది. ఆ వాయువుకు వాసన లేదు, రంగు లేదు. నిద్రలో ఉన్నవాళ్లకు తెలిసే దారే లేదు. అమెరికాలో ఆర్‌వీలకు ఆ వాయువును పసిగట్టే అలారం ఉండాలని పరిశ్రమ ప్రమాణాలు చెబుతాయి. మన దగ్గర అద్దెకు తిరిగే ఎన్ని బండ్లలో అది ఉంది?

ఈ ప్రశ్న ఇప్పుడే అడగాలి. కేరళ 2021లోనే కారవాన్ పర్యాటక విధానం ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ కూడా అదే దారిలో అడుగులు వేస్తోంది. మన యోచనంతా బండ్ల చుట్టూ, వాటికిచ్చే రాయితీల చుట్టూ తిరుగుతోంది. బండి రాత్రి ఎక్కడ ఆగుతుంది, ఏసీకి కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది అన్నది వెనకబడింది. అరకులోనో లంబసింగిలోనో ఏసీ లేకుండానే గడిచిపోతుంది. మే నెలలో సూర్యలంక తీరానికో నాగార్జునసాగర్‌కో వెళ్లినవాళ్ల సంగతేమిటి? ప్లగ్ లేకపోతే వాళ్లు జనరేటర్ వేస్తారు. 2000 నాటి మన శబ్ద కాలుష్య నిబంధనలు కూడా రాత్రంటే 10 నుంచి 6 దాకా అనే చెబుతాయి, నివాస ప్రాంతాల్లో 45 డెసిబెల్స్ దాటకూడదంటాయి. పది కారవాన్ల జనరేటర్లు ఒకేచోట మోగితే ఆ పక్క ఊరివాళ్లు నిద్రపోయేదెలా?

ప్లగ్ పెట్టడం పెద్ద ఖర్చూ కాదు. మన 230 వోల్టుల కరెంటుకు 16 ఆంపియర్ల సాకెట్, అదే ఇంట్లో గీజర్‌కు వాడేది, దాదాపు 3,680 వాట్లు ఇస్తుంది. అమెరికా 30 ఆంపియర్ల పెట్టె ఇచ్చేదీ దాదాపు అంతే.

ఆగినచోట కరెంటు కావాలన్న మాట లారీ డ్రైవర్లకూ వర్తిస్తుంది. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే మధ్యస్థ, భారీ లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. మంచి పనే. కానీ ఆ ఏసీ ఇంజిన్ నడిస్తేనే నడుస్తుంది. డ్రైవర్ నిద్రపోయేది ఇంజిన్ ఆపాక. కాలిఫోర్నియాలో సాధారణంగా డీజిల్ లారీ ఇంజిన్‌ను నిలిపినచోట అయిదు నిమిషాలకు మించి నడపకూడదు. అందుకే అక్కడ బ్యాటరీ ఏసీలు, లారీలు ఆగేచోట కరెంటు కనెక్షన్లు వచ్చాయి. విజయవాడ, హైదరాబాద్ రహదారుల పక్కన లారీలు ఆగే స్థలాల్లోనూ అలాంటి కనెక్షన్లు పెట్టవచ్చు.

కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల పర్యాటక శాఖలు కారవాన్ పార్కులకు టెండర్లు పిలిచేటప్పుడు మూడు షరతులు రాయాలి. ప్రతి బండి నిలిచే చోట మీటరున్న 16 ఆంపియర్ల ప్లగ్, అద్దెకిచ్చే ప్రతి బండిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం, రాత్రి 10 తర్వాత జనరేటర్ వేస్తే జరిమానా. బండ్ల కొనుగోలుకు రాయితీలు ఈ మూడూ అమలయ్యాకే ఇవ్వాలి.