బాణీకీ ఇంటిపేరు ఉండాలి

వీడియో గేమ్ సంగీతాన్ని ఇంట్లో రీమిక్స్ చేసేవారి దగ్గర మన డీజే కుర్రాళ్లు నేర్చుకోవలసింది ఒకటుంది

ఇంద్రావతి దాటితే మహారాష్ట్ర, గోదావరి దాటితే తెలంగాణ. బస్తర్‌కు పడమటి కొసన, బీజాపూర్ జిల్లాలో ఉన్న భోపాల్‌పట్నంలో కాగితాల మీద హిందీ నడుస్తుంది. మాటల్లో తెలుగు, గోండి కూడా వినిపిస్తాయి. పాటలకైతే సరిహద్దులు అసలే లేవు. పెళ్లి ఊరేగింపులో డీజే బాక్సులు పెట్టారంటే తెలంగాణ జానపదం, హిందీ సినిమా పాట, ఛత్తీస్‌గఢీ గీతం ఒకే దరువు మీద వరసగా దొర్లిపోతాయి. ఈ తరహా రీమిక్స్‌లలో చాలావాటికి స్టూడియో అంటే ఎవరింట్లోనో ఓ గది. లాప్‌టాప్, హెడ్‌ఫోన్లు, ఒక సాఫ్ట్‌వేర్ ఉంటే పని మొదలవుతుంది. పాట ఎవరిదని అడిగితే వచ్చే జవాబు మాత్రం ఎక్కడైనా ఒకటే: డీజేది.

సరిగ్గా ఇవే పరికరాలతో, ఇలాంటి గదుల్లోనే కూర్చుని, ప్రపంచంలో మరో బృందం పాతికేళ్లకు పైగా ఇంకో రకం రీమిక్స్‌లు చేస్తోంది. వాళ్ల ముడిసరుకు వీడియో గేమ్‌ల సంగీతం. వాళ్ల అలవాట్లలో ఒకటి మన డీజేలకు పూర్తిగా కొత్త. అక్కడికి వచ్చే ముందు ఆ పని ఎలా జరుగుతుందో చూద్దాం.

టీవీకి తగిలించి, క్యాసెట్ దూర్చి ఆడిన 1990ల నాటి పిల్లలకు మారియో బాణీ ఇప్పటికీ నోటికి వస్తుంది. దాన్ని కట్టిన జపాన్ స్వరకర్త కోజి కొండో పేరు వారిలో చాలామంది విని ఉండరు. 1985లో వచ్చిన ఆ సూపర్ మారియో బ్రదర్స్ గేమ్ మొత్తం పరిమాణం 40 కిలోబైట్లు. ఇవాళ ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో అంతకన్నా ఎన్నో రెట్లు పెద్దది. బొమ్మలు, ఆట నియమాలు, సంగీతం అన్నీ అందులోనే సర్దాలి. శబ్దం పుట్టించే చిప్‌లో ఉన్నవి అయిదే మార్గాలు: రాగానికి రెండు, బేస్‌కు ఒకటి, దరువు కోసం గరగరలాడే శబ్దానికి ఒకటి, చిన్న శబ్దపు తునకలకు ఒకటి. జాగా లేదు కాబట్టి చిన్న బాణీనే పదేపదే తిప్పాలి. పిల్లలు గంటలకొద్దీ విన్నా విసుగు రాకూడదు. అంత ఇరుకులో పుట్టింది కనుకే ఆ బాణీ అంత గట్టిది. 2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన జాతీయ రికార్డింగ్‌ల జాబితాలో దానికి చోటిచ్చింది. ఒక వీడియో గేమ్ సంగీతానికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

రీమిక్స్ చేసేవాడి పని చెవితో మొదలవుతుంది. రాగం, బేస్, దరువు వేటికవి విడదీసి విని, ఒక్కో స్వరాన్ని కీబోర్డు మీద పట్టుకుని కంప్యూటర్‌లో మిడి రూపంలో రాసుకోవాలి. గేమ్ బాణీకి ముగింపు ఉండదు, చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. పాటగా మారాలంటే దానికి ఎత్తుగడ, మలుపు, ముగింపు కల్పించాలి. అసలు కష్టం ఇక్కడే. దరువు మార్చి వేగం పెంచితే రీమిక్స్ అయిపోదు.

సాఫ్ట్‌వేర్ కొరత లేదు. 1997లో బెల్జియంలో ఫ్రూటీలూప్స్ పేరుతో పుట్టిన ఎఫ్ఎల్ స్టూడియో మన డీజేలకు చిరపరిచితం. డబ్బు పెట్టలేనివారికి ఆడాసిటీ, ఎల్ఎంఎంఎస్ ఉచితం. 2015లో సంచలనం సృష్టించిన అండర్‌టేల్ గేమ్ సంగీతాన్ని టోబీ ఫాక్స్ ప్రధానంగా ఎఫ్ఎల్ స్టూడియోలోనే చేశారు. ఆయన కూడా అంతకుముందు పాత గేమ్‌లకు అభిమానిగా బాణీలు కట్టినవాడే.

ఇక గది. రేకుల కప్పు, బోడి గోడలు, పైన ఫ్యాన్ ఉన్న చోట గొంతు రికార్డు చేస్తే డబ్బాలో మాట్లాడినట్టుంటుంది. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించడం మన దగ్గర బాగా ప్రచారంలో ఉన్న చిట్కా. అది బేస్ శబ్దాన్ని ఏమాత్రం ఆపదు. అంతకన్నా పాడేవారి వెనక, పక్కన దుప్పట్లు, బొంతలు వేలాడదీయడం మేలు. రికార్డు చేసే అయిదు నిమిషాలు ఫ్యాన్ ఆపాలి. డప్పు దెబ్బ మైకును ముంచేస్తుంది కాబట్టి వాయిద్యాన్ని మైకుకు దూరంగా ఉంచి, స్థాయిని తగ్గించి పెట్టుకోవాలి. మెల్లగా రికార్డయినదాన్ని తర్వాత పెంచుకోవచ్చు. పగిలిన శబ్దాన్ని బాగుచేయడం దాదాపు అసాధ్యం.

మిక్సింగ్ అంటే శబ్దం పెంచడమని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులో సగం పని తగ్గించడమే. పాత గేమ్‌ల కీచు స్వరాలు ఒక్కటే వాయిస్తే ముచ్చటగా ఉంటాయి. గొంతు, తీగ వాయిద్యం పక్కన పెడితే అన్నిటి చోటూ ఆక్రమిస్తాయి. ఏది ముందుండాలో నిర్ణయించుకుని మిగతావాటిని ఆ మేరకు కోయాలి. గొంతులో 80 హెర్ట్జ్ కిందున్న గుమగుమ తీసేస్తే బేస్‌కు, డోలుకు ఊపిరి ఆడుతుంది. చివరగా అదే పాటను హెడ్‌ఫోన్‌లో, చవక ఫోన్‌లో, డీజే బాక్సులో విని చూడాలి. మూడింట్లోనూ మాట తెలిస్తే మిక్స్ కుదిరినట్టు. ఎంత గట్టిగా కొడితే అంత గొప్పన్న పోటీ కూడా ఇప్పుడు వృథా. స్పాటిఫై వంటి సేవలు అన్ని పాటలనూ దాదాపు ఒకే స్థాయికి తెచ్చి వినిపిస్తాయి.

ఇంతవరకు మన డీజేకీ, గేమ్ రీమిక్స్ చేసేవాడికీ తేడా లేదు. తేడా పాట పూర్తయ్యాక వస్తుంది. 1999లో అమెరికాలో డేవిడ్ లాయిడ్ మొదలుపెట్టిన ఓవర్‌క్లాక్డ్ రీమిక్స్ సంస్థ ఇప్పటికి నాలుగు వేలకు పైగా గేమ్ రీమిక్స్‌లను ఉచితంగా అందించింది. ప్రతిదాన్నీ న్యాయనిర్ణేతలు వింటారు. మూలం గుర్తుపట్టేలా ఉండాలి, అలాగని నకలు కాకూడదు. ఎంత బాగున్నా ఈ పరీక్ష దాటకపోతే తిరుగుటపాయే. దాటినదాని పక్కన గేమ్ పేరు, అసలు బాణీ పేరు, దాన్ని కట్టిన స్వరకర్త పేరు, రీమిక్స్ చేసినవారి పేరు నాలుగూ ఉంటాయి.

ఈ మర్యాద వాళ్లకు అక్కరకొచ్చింది కూడా. 2008లో క్యాప్‌కామ్ కంపెనీ తన స్ట్రీట్ ఫైటర్ గేమ్‌ను కొత్త హంగులతో తెచ్చినప్పుడు సంగీతం పనిని ఈ అభిమానులకే అప్పగించింది. 2012లో ఫైనల్ ఫాంటసీ గేమ్ సంగీతంపై ఆల్బమ్ కోసం చందాలు మొదలుపెట్టి, హక్కుల ప్రశ్న రాగానే ఆపేసి, హక్కుదారు స్క్వేర్ ఎనిక్స్‌తో మాట్లాడుకుని మళ్లీ మొదలుపెట్టారు. లక్షన్నర డాలర్లకు పైగా వచ్చాయి. 74 పాటల ఆల్బమ్ 2013లో ఉచితంగా విడుదలైంది. మూల స్వరకర్త నోబువో ఉయెమత్సు పేరు చెరిగిపోలేదు.

గేమ్‌కు సొంత స్వరకర్త ఉంటాడు, జానపదానికి ఎవరుంటారని అడగొచ్చు. దానికీ గేమ్‌లలోనే ఉదాహరణ ఉంది. టెట్రిస్ బాణీ నిజానికి రష్యా జానపదం. ఊరూరా తిరిగి సరుకులమ్మే వర్తకుల మీద కవి నెక్రాసోవ్ 1861లో ప్రచురించిన కవిత ఆ పాటకు ఆధారం. జపాన్‌లో హిరోకాజు తనాకా దాన్ని 1989లో గేమ్‌బాయ్ కోసం మలిచారు. 1992లో ఆండ్రూ లాయిడ్ వెబర్, నైజెల్ రైట్ మారుపేరుతో దాన్ని డాన్సు పాటగా మార్చితే బ్రిటన్ జాబితాలో ఆరో స్థానానికి ఎక్కింది. ఇన్ని చేతులు మారినా దారి స్పష్టంగా తెలుస్తుంది, ఎందుకంటే ప్రతి మజిలీలో ఎవరో ఒకరు పేరు రాసిపెట్టారు.

బస్తర్‌కు ఇది దూరపు సంగతేమీ కాదు. సుక్మా జిల్లా బాలుడు సహదేవ్ దిర్దో 2019లో బడిలో పాడితే ఫోన్‌లో తీసిన వీడియో రెండేళ్ల తర్వాత దేశమంతా తిరిగింది. 2021 ఆగస్టులో గాయకుడు బాద్‌షా రీమిక్స్ చేసి, కుర్రాణ్ని కూడా చేర్చుకున్నారు. ఆ పాట మొదట పాడిన గుజరాత్ గాయకుడు కమలేశ్ బారోట్ అని ఎందరికి తెలుసు? తెలుగులో అదే ఏడాది 'సారంగదరియా' పాటపై రగడ జరిగింది. అంతకుముందు టీవీలో ఆ జానపదాన్ని పాడిన కోమలి తనకు గుర్తింపు దక్కలేదని బాహాటంగా అన్నాకే, గుర్తింపు ఇస్తామని దర్శకుడు శేఖర్ కమ్ముల వివరణ ఇచ్చారు. అడగగలిగిన గొంతు కాబట్టి వినిపించింది.

చట్టం ఏమంటుంది? 1957 నాటి కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, ఒక బాణీ తొలి రికార్డింగ్ వచ్చిన ఏడాది ముగిశాక అయిదేళ్లు ఆగి, నోటీసిచ్చి, ముందుగా రాయల్టీ కట్టి కవర్ పాట చేయొచ్చు. కనీసం 50 వేల కాపీల లెక్కన కట్టాలి, ఇంట్లో పని చేసుకునే కుర్రాడికి అది అందని మాట. రూపురేఖలు మార్చే రీమిక్స్‌కైతే హక్కుదారు అనుమతి తప్పదు. నేర్చుకోవడానికి సొంతంగా చేసుకుంటే పేచీ లేదు. పేచీ బయటికి వదిలినప్పుడే. పాత జానపద బాణీకి కాపీరైట్ లేకపోయినా, దాన్ని పాడినవారికి హక్కుంది. తన ప్రదర్శనకు తన పేరు చెప్పాలని అడిగే హక్కును, తన పరువు తీసేలా దాన్ని వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పే హక్కును అదే సవరణ గాయకులకు ఇచ్చింది.

హక్కు ఉండడం వేరు, అది తెలియడం వేరు. గోండికి ఇప్పటికీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో చోటు లేదు. ఇటు దోర్లాల పాటలో తెలుగు, గోండి కలగలిసి ఉంటాయి. ఇలాంటి పాటను ఎవరో ఫోన్‌లో పట్టుకుంటారు, ఇంకెవరో దరువు కలుపుతారు. పదేళ్ల తర్వాత మిగిలేది బహుశా ఆ రీమిక్స్ ఒక్కటే. అందులో పేరు లేకపోతే పాడిన మనిషీ, ఊరూ, భాషా కూడా 'డీజే మిక్స్' అనే రెండు మాటల కింద మాయమైపోతాయి.

జానపదం ఎప్పుడూ మారుతూనే వచ్చింది, రీమిక్స్ కూడా ఆ మార్పే కదా అన్న వాదనలో నిజముంది. రీమిక్స్ ఆపమని ఎవరూ అనడం లేదు. పైగా పేరు చెప్పే సంప్రదాయం ఈ ప్రాంతానికి కొత్తదేం కాదు. 2010లో మొదలైన సీజీనెట్ స్వర అనే ఫోన్ వేదికకు పాటలు, సమస్యలు వినిపించే గిరిజనులు తమ పేరు, ఊరు చెప్పడం మామూలే. అమెరికా గేమ్ అభిమానులూ, ఛత్తీస్‌గఢ్ అడవి గాయకులూ ఒకరి గురించి ఒకరు వినకుండానే ఒకే పద్ధతికి వచ్చారు.

కాబట్టి మిక్స్ పూర్తయ్యాక ఫైలు పేరుతో పాటు నాలుగు సంగతులు రాస్తే చాలు: పాడిందెవరు, ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, మిక్స్ చేసిందెవరు. డబ్బు పంచుకునే రోజు వస్తే లెక్క తేల్చేది ఆ నాలుగే. దానికి కొత్త మైకు అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ అంతకన్నా అక్కర్లేదు.